ఫైల్ చెప్పిన మాట ఎడిటర్ ఎంతవరకు వినాలి?

మేక్‌ఫైల్‌లో (ప్రోగ్రామ్‌ను ఎలా బిల్డ్ చేయాలో మేక్ అనే టూల్‌కు చెప్పే ఫైల్) ఒక్క లైన్ మార్చి సేవ్ చేస్తారు. బిల్డ్ నడిపితే 'మిస్సింగ్ సెపరేటర్' అంటూ మొదట్లోనే ఆగిపోతుంది. మార్చిన లైన్‌ను ఎన్నిసార్లు చూసుకున్నా తప్పేమీ దొరకదు. దొరికే అవకాశమూ తక్కువే, ఎందుకంటే తేడా అంతా లైన్ ముందున్న ఖాళీలో ఉంది. పైలైన్లలో ఆ ఖాళీ ఒకే ఒక్క ట్యాబ్ అక్షరం. మీ లైన్‌లో మాత్రం వరసగా నాలుగు స్పేస్‌లు. మీరు నొక్కింది ట్యాబ్ మీటే, దాన్ని స్పేస్‌లుగా మార్చేసింది ఎడిటర్. పైథాన్ కోడ్ కోసం ఎప్పుడో పెట్టుకుని మర్చిపోయిన సెట్టింగ్ ఇక్కడ కూడా పనిచేసింది, అంతే.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్‌ను రాసినప్పుడు, కమాండ్ లైన్‌ను గుర్తుపట్టడానికి ముందున్న ట్యాబ్‌ను ఆనవాలుగా తీసుకున్నాడు. తర్వాత మార్చుదామంటే అప్పటికే వాడేవాళ్లు తయారయ్యారు, వాళ్ల ఫైళ్లు పాడవుతాయి. అలా ఆ ట్యాబ్ యాభై ఏళ్లుగా మనతోనే ఉండిపోయింది. పైథాన్ లోకంలో ఆచారం దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. అక్కడ నాలుగు స్పేస్‌లే మర్యాద. ఒకే ప్రాజెక్టులో ఈ రెండు రకాల ఫైళ్లూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, 'ట్యాబ్ కొడితే ఏం పడాలి' అన్న ప్రశ్నకు ఎడిటర్ మొత్తానికి ఒకే జవాబు కుదరదు. ఫైల్‌ను బట్టి జవాబు మారాలి.

మారాలి సరే, ఆ జవాబు ఎక్కడ రాసి ఉండాలి? మీ సొంత సెట్టింగుల్లోనా, ప్రాజెక్టు ఫోల్డర్‌లోనా, ఆ ఫైల్ లోపలేనా? చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఎడిటర్లు వాడేవాళ్లు దశాబ్దాలుగా తగువులాడుకున్నది దీనిమీదే. నా ఉద్దేశంలో తగువు సెట్టింగ్ గురించి కాదు, ఆ సెట్టింగ్ ఎవరిది అన్నదాని గురించి. ఫాంటు, రంగులు, కోడ్ మడతపెట్టి కనిపించాలా విప్పి కనిపించాలా అన్నవి చదివేవాడి ఇష్టం. ఇండెంట్ రెండా నాలుగా అన్నది టీమ్ చేసుకున్న ఒప్పందం. ఈ ఫైల్ ఏ భాషలో ఉంది, ఏ ఎన్‌కోడింగ్‌లో ఉంది అన్నది మాత్రం ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పనిలేని నిజం. ఈ మూడింటినీ కలిపేసి ఒకేచోట రాయడం మొదలుపెట్టినప్పుడే చిక్కులు వస్తాయి.

ఫైల్ పేరు చెప్పలేని సంగతి

నిజానికి చాలా ఫైళ్లకు ప్రత్యేకంగా ఏమీ రాయనక్కర్లేదు. విమ్ లాంటి ఎడిటర్‌కు ఫైల్‌టైప్ ప్లగిన్‌లు ఆన్‌లో ఉంటే, పేరు చూసి ఇది మేక్‌ఫైల్ అని గుర్తుపట్టి ట్యాబ్‌ను ట్యాబ్‌గానే ఉంచుతుంది. పైథాన్ ఫైల్ తెరిస్తే తనంతట తానే నాలుగు స్పేస్‌లకు మారుతుంది. పై కథలో బిల్డ్ ఆగిపోయిందంటే బహుశా ఆ ప్లగిన్‌లు ఆన్‌లో లేకపోవడమో, లేదా మేక్ నియమాలున్న ఆ ఫైల్‌కు ఎడిటర్ గుర్తుపట్టలేని పేరేదో పెట్టడమో జరిగి ఉంటుంది.

అసలు అవసరం పేరు చాలనిచోట పుడుతుంది. డాట్ హెచ్ అని ముగిసే ఫైల్ సీ భాషదా, సీ ప్లస్ ప్లస్‌దా? డాట్ పీఎల్ అంటే పెర్లా, ప్రోలాగా? డాట్ ఎమ్ అంటే ఆబ్జెక్టివ్ సీనా, మ్యాట్‌ల్యాబా? పేరు చూసి చెప్పలేం. వీటన్నిటికంటే చక్కని ఉదాహరణ లినక్స్ మెషీన్ మీద సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్ల దగ్గరే ఉంది. మనం 'వెక్టర్' అని ఇంక్లూడ్ చేసే హెడర్ ఫైల్‌కు ఎక్స్‌టెన్షనే లేదు, దాని పేరు ఉత్త వెక్టర్. జీఎన్‌యూ వాళ్ల లైబ్రరీలో ఆ ఫైల్ తెరిచి మొదటి లైన్ చూడండి. కామెంట్‌లో ఫైల్ పేరు, ఆ తర్వాత రెండు చిన్న గుర్తుల మధ్య 'సీ ప్లస్ ప్లస్' అని ఉంటుంది. గుర్తు అంటే హైఫన్, స్టార్, మళ్లీ హైఫన్. అలంకారానికి పెట్టింది కాదది. ఈమాక్స్ ఎడిటర్‌కు రాసిన చీటీ: నా పేరు చూసి మోసపోకు, నన్ను సీ ప్లస్ ప్లస్‌గా చూపించు అని. కంపైలర్‌కు అది కామెంట్ కాబట్టి పట్టదు.

ఇలా ఫైల్ లోపలే, కామెంట్‌లో, ఎడిటర్ కోసం రాసే లైన్‌నే విమ్ వాడేవాళ్లు మోడ్‌లైన్ అంటారు. ఈమాక్స్‌లో దీన్ని ఫైల్ లోకల్ వేరియబుల్స్ అంటారు. దీన్ని చదివేది ఎడిటర్లు మాత్రమే కాదు. గిట్‌హబ్‌లో ఒక రిపాజిటరీ ఏ భాషలో ఎంత శాతం ఉందో లెక్కగట్టే లింగ్విస్ట్ అనే ప్రోగ్రామ్ కూడా ఈ రెండు రకాల లైన్లనూ చదివి భాషను తేల్చుకుంటుంది.

విమ్ మోడ్‌లైన్‌ను దగ్గరగా చూస్తే

విమ్‌లో మోడ్‌లైన్ ఇలా ఉంటుంది (ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ ఫైల్లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి):

# విమ్: సెట్ ట్యాబ్‌స్టాప్=8 షిఫ్ట్‌విడ్త్=8 నోఎక్స్‌పాండ్‌ట్యాబ్:

ముందున్న హ్యాష్ గుర్తు మేక్‌కు కామెంట్. తర్వాతి స్పేస్ ఊరికే పడింది కాదు, 'విమ్' అన్న మాటకు ముందు ఖాళీ ఉండి తీరాలి, లేదా అది లైన్‌కు మొదట్లోనే ఉండాలి. హ్యాష్‌కు అతికించి రాస్తే విమ్ దాన్ని మామూలు కామెంట్ అనుకుని దాటిపోతుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు.

చివరన కోలన్ ఇంకో మెలిక. మోడ్‌లైన్‌ను రెండు రకాలుగా రాయొచ్చు. 'సెట్' అన్న మాటతో రాస్తే చివర కోలన్ తప్పనిసరి, అది లేకపోతే మొత్తం లైన్‌ను విమ్ పట్టించుకోదు. 'సెట్' లేకుండా నేరుగా ఆప్షన్లే రాస్తే లైన్ చివరిదాకా ఉన్నదంతా ఆప్షన్లేనని అనుకుంటుంది. సీ భాషలో కామెంట్ మూయడానికి పెట్టే స్టార్, స్లాష్ ఈ రెండో రకంలో వస్తే వాటిని కూడా ఆప్షన్ పేరే అనుకుని, 'ఈ518: అన్‌నోన్ ఆప్షన్' అని ఫైల్ తెరిచిన ప్రతిసారీ గోల పెడుతుంది. అందుకే సీ కుటుంబం భాషల్లో 'సెట్' ఉన్న రకమే వాడాలి. ఒక రకం తప్పితే మౌనం, ఇంకో రకం తప్పితే గోల. నన్నడిగితే గోలే నయం.

ఇదే కారణంగా ఇంకో తమాషా జరుగుతుంది. విమ్ మీద నోట్స్ రాసుకుంటూ ఫైల్ చివర్లో 'విమ్: అన్నిటికంటే మంచి ఎడిటర్' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో ఒక లైన్ రాశారనుకోండి. మర్నాడు ఫైల్ తెరిస్తే కోలన్ తర్వాతి మొదటి మాట పట్టుకుని 'అలాంటి ఆప్షన్ లేదు' అంటుంది. ఈ వ్యాసం తెలుగు లిపిలో ఉంది కాబట్టి ఆ భయం లేదు.

ఎక్కడ రాయాలన్నదానికీ హద్దుంది. విమ్ ఫైల్ మొత్తం వెతకదు. మొదటి అయిదు లైన్లు, చివరి అయిదు లైన్లు, అంతే. ఈ అయిదును 'మోడ్‌లైన్స్' అన్న ఆప్షన్‌తో మార్చుకోవచ్చు గానీ ఎదుటివాడి మెషీన్‌లో అయిదే ఉంటుందనుకోవాలి. నేను ఎక్కువగా చూసే లోపం ఇక్కడే వస్తుంది. ఎవరో వచ్చి ఫైల్ తలమీద ఇరవై లైన్ల లైసెన్స్ కామెంట్ అతికిస్తారు. మూడో లైన్‌లో హాయిగా ఉన్న మోడ్‌లైన్ ఇరవై మూడో లైన్‌కు జారిపోతుంది. కమిట్ చూసినవాళ్లకు ఏమీ తేడా కనిపించదు, ఎడిటర్ ఏమీ అనదు. కొన్ని నెలల తర్వాత ఆ ఫైల్‌లో సగం ట్యాబ్‌లు, సగం స్పేస్‌లు ఉంటాయి.

ఆ లైన్‌లో ఉన్న ఆప్షన్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వీటిని కలిపి గందరగోళపడేవాళ్లే ఎక్కువ. ట్యాబ్‌స్టాప్ అంటే ఫైల్లో ఇప్పటికే ఉన్న ట్యాబ్ అక్షరం తెరమీద ఎంత వెడల్పుగా కనిపించాలో చెప్పేది. దాన్ని 8 నుంచి 4కు మార్చినంత మాత్రాన ఫైల్లో ఒక్క బైటు కూడా మారదు, చూపు మాత్రమే మారుతుంది. షిఫ్ట్‌విడ్త్ అంటే ఒక మెట్టు ఇండెంట్ ఎంత అన్నది. ఎక్స్‌పాండ్‌ట్యాబ్ ఆన్‌లో ఉంటే ట్యాబ్ మీట నొక్కినప్పుడు స్పేస్‌లు పడతాయి, ముందు 'నో' చేర్చి ఆఫ్ చేస్తే ట్యాబే పడుతుంది. మేక్‌ఫైల్ విషయంలో నిజంగా కావాల్సింది ఈ మూడోది ఒక్కటే. మిగతా రెండూ రాసినవాడి ఇష్టం, చదివేవాడిమీద రుద్దడం. మీరు 8 వెడల్పులో చూస్తే నేను 4 వెడల్పులో చూస్తే మేక్‌కు ఏం నష్టం?

ఈమాక్స్ పద్ధతి వేరు. మొదటి లైన్‌లో పైన చెప్పిన హైఫన్-స్టార్-హైఫన్ గుర్తుల మధ్య రాయొచ్చు. మొదటి లైన్ స్క్రిప్టులకు వాడే హ్యాష్-ఆశ్చర్యార్థకం లైన్ అయితే రెండో లైన్‌లో రాసినా ఒప్పుకుంటుంది. ఎక్కువ వేరియబుల్స్ ఉంటే ఫైల్ చివర 'లోకల్ వేరియబుల్స్:' అని మొదలుపెట్టి, లైన్‌కు ఒకటి చొప్పున రాసి, 'ఎండ్:' అని ముగించాలి. ఈ పట్టిక ఫైల్ చివరినుంచి 3000 అక్షరాల లోపే మొదలవ్వాలి. ప్రతి లైన్‌కు ముందు ఒకే కామెంట్ గుర్తు ఉండాలి, ఒక లైన్‌లో ఒక హ్యాష్, ఇంకో లైన్‌లో రెండు హ్యాష్‌లు అంటే కుదరదు. కేడీఈ వాళ్ల కేట్ ఎడిటర్‌కు కూడా తన సొంత మోడ్‌లైన్ ఉంది. అది మొదటి పది, చివరి పది లైన్లు చూస్తుంది. చూశారుగా, ముగ్గురిదీ మూడు రకాల రాత. ముగ్గురు ఈ మూడు ఎడిటర్లు వాడే టీమ్‌లో ప్రతి ఫైల్‌కూ ముగ్గురి కోసం మూడు చీటీలు రాయాల్సి వస్తుంది.

ఎన్‌కోడింగ్: ఎడిటర్‌ను దాటి పోయిన చీటీ

పైథాన్ 2 రోజుల్లో స్క్రిప్టులో తెలుగు రాసినవాళ్లకు ఒక ఎర్రర్ బాగా గుర్తుండి ఉంటుంది. ప్రింట్ పక్కన 'నమస్కారం' అని రాసి నడిపితే, 'నాన్-ఆస్కీ క్యారెక్టర్' అని చెప్పి, బ్యాక్‌స్లాష్ ఎక్స్ ఈ 0 అన్న కోడ్ చూపించి, ఎన్‌కోడింగ్ ఏదో మీరు చెప్పలేదని ఆగిపోయేది. ఎప్పుడు చూసినా ఆ 'ఈ 0' మాత్రమే కనిపించడానికి కారణం ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన చోటు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా. యూటీఎఫ్-8లో ఈ అక్షరాలు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటాయి, వాటిలో మొదటి బైటు ఎప్పుడూ 'ఈ 0'. ఆస్కీ తప్ప ఇంకేమీ ఊహించని పైథాన్ 2 ఆ మొదటి బైటు దగ్గరే తట్టుకుని పడేది.

మందు కూడా అందరికీ తెలిసిందే. ఫైల్ మొదట 'కోడింగ్: యూటీఎఫ్-8' అని హైఫన్-స్టార్-హైఫన్‌ల మధ్య రాయడం. చాలామంది దీన్ని అర్థం తెలియకుండానే కాపీ కొట్టి పెట్టేవాళ్లు. ఆ నక్షత్రాలు ఎందుకని అడిగితే జవాబు ఈమాక్స్‌లో దొరుకుతుంది. ఈ పద్ధతిని ప్రతిపాదించిన పైథాన్ పత్రం, పెప్ 263, కావాలనే ఎడిటర్ల అలవాటును అరువు తెచ్చుకుంది. పైథాన్‌కు ఆ నక్షత్రాలతో పనిలేదు. మొదటి రెండు లైన్లలో ఏదో ఒక కామెంట్‌లో 'కోడింగ్' అన్న మాట, దాని వెంటనే కోలనో ఈక్వల్ గుర్తో, తర్వాత ఎన్‌కోడింగ్ పేరు ఉంటే చాలు. ఈమాక్స్ చీటీ, విమ్ మోడ్‌లైన్‌లోని 'ఫైల్‌ఎన్‌కోడింగ్=యూటీఎఫ్-8' రెండూ ఈ వలలో పడతాయి. 'ఫైల్‌ఎన్‌కోడింగ్' అన్న ఆప్షన్ పేరు చివర కూడా 'కోడింగ్' ఉంది కదా. ఒకే లైన్‌ను అటు ఎడిటర్, ఇటు భాష చదివి ఒకే మాటమీద ఉండటం ముచ్చటైన ఏర్పాటు.

ఇందులో ఒక చిన్న మోసం ఉంది. విమ్ మోడ్‌లైన్‌ను చదివేసరికే ఫైల్‌ను ఏదో ఒక ఎన్‌కోడింగ్‌లో తెరిచేసి ఉంటుంది. చదివే ముందు తెలియాల్సిన సంగతి చదివాక తెలిస్తే ఏం లాభం? కాబట్టి అక్కడ ఫైల్‌ఎన్‌కోడింగ్ రాస్తే అప్పటికే తప్పుగా చదివిన ఫైల్ బాగుపడదు, పైగా సేవ్ చేసేటప్పుడు ఆ ఎన్‌కోడింగ్‌కు మార్చి రాస్తుంది. వేరే ఎన్‌కోడింగ్‌లో ఉన్న ఫైల్‌ను విమ్‌లో సరిగ్గా తెరవాలంటే తెరిచే కమాండ్‌తోనే ప్లస్ ప్లస్ ఈఎన్‌సీ అని చెప్పాలి. పైథాన్ 3లో యూటీఎఫ్-8 అన్నది చెప్పకపోయినా చెప్పినట్టే కాబట్టి, ఆ పాత కోడింగ్ లైన్ ఇంకా కనిపిస్తే నిశ్చింతగా తీసేయొచ్చు.

చుట్టానికి బీరువా తాళం ఇవ్వొచ్చా

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో ఒక ఊహ దాగి ఉంది. ఫైల్ రాసినవాడు మంచివాడు అన్న ఊహ. ఇంటికొచ్చిన చుట్టం కాస్త ఫ్యాన్ వేయమంటే వేస్తాం, బీరువా తాళం అడిగితే ఇవ్వం. మోడ్‌లైన్ ఫ్యాన్ దగ్గర మొదలై బీరువా దాకా వెళ్లిన సందర్భాలు ఒకటికి మూడు ఉన్నాయి.

2002లో విమ్ 6.0, 6.1 వెర్షన్‌లలో మోడ్‌లైన్ ద్వారా బయటి లైబ్రరీ ఫంక్షన్‌ను పిలవొచ్చని తేలింది. అంటే ఎవరో పంపిన ఫైల్‌ను తెరిస్తే చాలు, వాళ్ల కమాండ్ మీ మెషీన్‌లో నడుస్తుంది. విమ్ ఇలాంటి ఎక్స్‌ప్రెషన్లను శాండ్‌బాక్స్ అనే కంచెలో పెట్టి నడపడం దీనికి విరుగుడు. 2016లో ఇంకోటి బయటపడింది. ఫైల్‌టైప్, సింటాక్స్, కీమ్యాప్ అనే మూడు ఆప్షన్లకు మోడ్‌లైన్ ఇచ్చే విలువను విమ్ సరిగ్గా తనిఖీ చేయడం లేదని. ఫైల్‌టైప్ అంటే మనం పైన 'నిజం' అన్నదే, అందరికంటే అమాయకంగా కనిపించే ఆప్షన్ అదే. విమ్ 8.0.0056 ప్యాచ్‌తో దాన్ని సరిచేశారు.

మూడోది 2019 జూన్ నాటిది, అన్నిటికంటే తెలివైనది. కోడ్‌ను ఎక్కడ మడతపెట్టాలో లెక్కగట్టడానికి విమ్‌లో ఒక ఎక్స్‌ప్రెషన్ ఇవ్వొచ్చు. ఆ ఎక్స్‌ప్రెషన్‌ను మోడ్‌లైన్‌లోంచి కూడా ఇవ్వొచ్చు, శాండ్‌బాక్స్ ఉంది కదా అన్న ధీమా. దాడిచేసేవాడు అందులో అసర్ట్_ఫెయిల్స్ అనే ఫంక్షన్‌ను పిలిచి, దానిచేత 'సోర్స్!' అనే కమాండ్‌ను అదే ఫైల్ మీద నడిపించాడు. సోర్స్! ఏం చేస్తుందంటే, ఫైల్లోని అక్షరాలను మీరు కీబోర్డ్ మీద కొట్టినట్టుగా విమ్‌కు అందిస్తుంది. పిలుపు వచ్చింది కంచె లోపలినుంచే, కానీ ఆ అక్షరాలు నడిచేది కంచె బయట. ఫైల్ మొదట్లో ఒక షెల్ కమాండ్ రాసి ఉంచితే అయిపోయింది. దీన్ని బయటపెట్టిన పరిశోధకుడు ఆర్మిన్ రజ్మ్‌జూ ఇంకో మెట్టు పైకెక్కి, టెర్మినల్ ఎస్కేప్ కోడ్‌లతో ఆ లైన్‌ను దాచి, క్యాట్ కమాండ్‌తో ముందుగా చూసినా మామూలు ఫైల్‌లాగే కనిపించేలా చేసి చూపించాడు.

విమ్‌ను రాసిన బ్రామ్ మూలెనార్ దీనికి పెట్టిన ప్యాచ్ 8.1.1365. కంచెలోపల సోర్స్! పనిచేయకుండా చేసింది అది. దాని వెంటనే వచ్చిన 8.1.1366 నాకు ఎక్కువ నచ్చింది. అది 'మోడ్‌లైన్‌ఎక్స్‌ప్ర్' అన్న కొత్త ఆప్షన్ తెచ్చి, దాన్ని ఆఫ్‌లో ఉంచింది. మోడ్‌లైన్ ఇక మామూలుగా ఎక్స్‌ప్రెషన్లు ఇవ్వడానికే వీల్లేదు. మొదటి ప్యాచ్ చిల్లును పూడ్చింది, రెండోది ఆ గోడవైపుకు దారే మూసేసింది.

అప్పటికే కొంతమంది దూరం పాటిస్తున్నారు. డెబియన్, ఉబుంటుల్లో వచ్చే విమ్‌లో మోడ్‌లైన్‌లు ఆఫ్‌లో ఉంటాయి. ఆపిల్ తన మ్యాక్‌లతో ఇచ్చే విమ్ కాన్ఫిగ్‌లో మోడ్‌లైన్స్=0 అని పెట్టి, పక్కన 2007 నాటి ఒక భద్రతా లోపం నంబర్‌ను కామెంట్‌గా రాసింది. బీఎస్‌డీ వాళ్ల ఎన్‌వీఐ ఎడిటర్ అయితే మరీ కుండబద్దలు కొట్టింది. దాని మాన్యువల్‌లో మోడ్‌లైన్ అన్న ఆప్షన్ పేరు ఉంటుంది, ఏంచేస్తుందో కూడా ఉంటుంది, దాని కిందే దీన్ని ఎప్పటికీ అమలు చేయబోమని ఉంటుంది.

ఈమాక్స్ ఎంచుకున్నది అడిగే దారి. ట్యాబ్ వెడల్పులాంటి హానిలేని వేరియబుల్స్‌ను నేరుగా ఒప్పుకుంటుంది. తనకు తెలియనివి, ప్రమాదకరమైనవి ఉంటే పట్టిక చూపించి అవునా కాదా అని అడుగుతుంది. అందులో 'ఎవాల్' అన్నది ఉంటే పక్కన ఏ లిస్ప్ (ఈమాక్స్ సొంత భాష) కోడైనా ఉండొచ్చు, అందుకే అక్కడ మరీ జాగ్రత్త. అడగడం మంచిదే గానీ, ప్రతి ఫైల్‌కూ అడిగితే మనిషి చదవకుండానే 'వై' కొట్టడం నేర్చుకుంటాడు. పైగా ఆ అడిగే కోడ్‌లోనే 2012లో ఒక లోపం దొరికింది: 'సురక్షితమైనవి మాత్రమే ఒప్పుకో' అని పెట్టుకున్నవాళ్లకే ఎవాల్ కోడ్ అడక్కుండా నడిచేది. 2021 మే విడుదలలో వీఎస్ కోడ్ ఎడిటర్ తెచ్చిన వర్క్‌స్పేస్ ట్రస్ట్ కూడా ఇదే ప్రశ్నను ఫైల్ స్థాయినుంచి ఫోల్డర్ స్థాయికి తెచ్చింది: ఈ ఫోల్డర్ రాసినవాళ్లను మీరు నమ్ముతారా?

ఫైల్లోంచి ఫోల్డర్‌లోకి

భద్రత సంగతి పక్కన పెట్టినా, ఇండెంట్‌ను ప్రతి ఫైల్లో రాయాలా అన్నదాంట్లో పెద్ద ప్రాజెక్టులే ఒక మాటమీద లేవు. ఫైర్‌ఫాక్స్ సోర్స్ కోడ్‌లో ఏ సీ ప్లస్ ప్లస్ ఫైల్ తెరిచినా తలమీద రెండు లైన్లు కనిపించడం మామూలు. ఒకటి ఈమాక్స్‌కు, ఒకటి విమ్‌కు. లినక్స్ కెర్నల్ కోడింగ్ స్టైల్ పత్రంలో దీనికోసం ఒక విభాగమే ఉంది, శీర్షికలోనే మోడ్‌లైన్‌లను చెత్తతో కలిపి చెప్పారు. ఎవరి ఎడిటర్ ఏర్పాట్లు వాళ్లకు ఉంటాయి, మీ ఫైల్ వచ్చి వాటిని మార్చకూడదు, ఇలాంటివి సోర్స్ ఫైళ్లలో పెట్టొద్దు అని దాని సారాంశం. నేను కెర్నల్ పక్షమే. వేల ఫైళ్లలో ఒకే లైన్ ఉందంటే అది ఫైల్ గుణం కాదు, ప్రాజెక్టు గుణం. రేపు ఇండెంట్ నాలుగు నుంచి రెండుకు మారిస్తే ఆ వేల లైన్లు ఎవరు దిద్దాలి?

ఎడిటర్‌కాన్ఫిగ్ పుట్టింది ఇందుకే. ప్రాజెక్టు మూల ఫోల్డర్‌లో డాట్‌తో మొదలయ్యే ఎడిటర్‌కాన్ఫిగ్ అన్న ఫైల్ ఒకటి ఉంటుంది. అందులో ఏ పేరున్న ఫైళ్లకు ఏ ఇండెంట్, ఏ లైన్ ఎండింగ్, ఏ ఎన్‌కోడింగ్ అన్నది గుంపులుగా రాస్తారు. మేక్‌ఫైల్ అన్న గుంపుకు ఇండెంట్ స్టైల్ ట్యాబ్, డాట్ పీవై గుంపుకు స్పేస్, సైజు 4. ఎడిటర్ మీరు తెరిచిన ఫైల్ ఉన్న ఫోల్డర్‌నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లి, 'రూట్ = ట్రూ' అని ఉన్న ఫైల్ దొరికితే ఆగుతుంది. మీ ఫైల్‌కు దగ్గరగా ఉన్నదాని మాటే చెల్లుతుంది, ఒకే ఫైల్లో రెండు గుంపులు తగిలితే కిందదే చెల్లుతుంది. విమ్‌లోంచి పుట్టిన నియోవిమ్‌లో 0.9 నుంచి ఇది లోపలే ఉంది, ఆన్‌లోనే వస్తుంది. వీఎస్ కోడ్‌కు మాత్రం ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి.

ఈ ఫైల్ ఏ కమాండూ నడపమని అడగలేదు, అడిగే మాటలే దాని భాషలో లేవు. ఉన్నవి కొద్దిపాటి గుణాలే. మోడ్‌లైన్‌కు ఇరవై ఏళ్లు పట్టిన పాఠం ఇక్కడ పుట్టుకతోనే ఉంది. అలాగని నష్టమే లేదనుకోవద్దు. లైన్ చివర అనవసరపు స్పేస్‌లను సేవ్ చేసేటప్పుడు తీసేయమనే గుణం ఒకటుంది. విన్నవెంటనే బాగుంటుంది. మార్క్‌డౌన్‌లో లైన్ చివర రెండు స్పేస్‌లంటే లైన్ విరవమని అర్థం, అక్కడ దీన్ని ఆన్ చేస్తే పేరాలు అతుక్కుపోతాయి. కెర్నల్ కూడా చివరికి తన మూల ఫోల్డర్‌లో ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ పెట్టుకుంది, తర్వాత ఈ గుణాన్ని అందులోంచి తీసేసింది. కారణం ఊహించగలిగేదే. పాత ఫైల్‌లో మీరు ఒక్క లైన్ మార్చి సేవ్ చేస్తే, ఎక్కడెక్కడో ఉన్న పాత స్పేస్‌లన్నీ పోయి, డిఫ్‌లో మీకు సంబంధంలేని లైన్లు బోలెడు కనిపిస్తాయి. రివ్యూ చేసేవాళ్లకు చిరాకు.

వీఎస్ కోడ్ వాడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అందులో ఫైల్ లోపల మోడ్‌లైన్ చదివే ఏర్పాటు లేదు. యూజర్, వర్క్‌స్పేస్ సెట్టింగులు, వాటిలోనే భాషను బట్టి వేర్వేరుగా రాసే వీలు ఉన్నాయి. పేరు చూసి భాష తేలని ఫైళ్లకు ఫైల్స్ అసోసియేషన్స్‌లో ఈ పేరుంటే ఈ భాష అని చెప్పుకోవచ్చు. వీటన్నిటినీ తోసిరాజనే ఇంకో సెట్టింగ్ ఉంది: డిటెక్ట్ ఇండెంటేషన్. అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. ఫైల్ తెరవగానే లోపల ఇప్పటికే ఉన్న ఇండెంట్ చూసి, మీ ట్యాబ్ సైజును పక్కనపెట్టి దాన్నే పాటిస్తుంది. 'సెట్టింగ్‌లో 4 పెట్టాను, కింద స్టేటస్ బార్‌లో 2 చూపిస్తోంది' అన్న ఫిర్యాదులో చాలావరకు దోషి ఇదే. నాకైతే ఈ ప్రవర్తన ఇష్టం. ఎవరి చీటీ లేకుండానే, ఫైల్ ఎలా ఉందో చూసి దాన్ని గౌరవించడం అంటే ఇదే కదా. కొత్తగా సృష్టించిన ఖాళీ ఫైల్‌లో మాత్రం చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి అప్పుడు మీ సెట్టింగే నడుస్తుంది.

సెట్టింగ్ ఎక్కడినుంచి వచ్చింది

ఇన్ని పొరలున్నాక, ఒక విలువ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడమే సగం పని. విమ్‌లో 'వెర్బోస్ సెట్ ట్యాబ్‌స్టాప్?' అని కొడితే విలువతోపాటు దాన్ని చివరగా మార్చింది ఎవరో చెబుతుంది: మీ సొంత సెట్టింగుల ఫైల్ విమ్‌ఆర్‌సీయా, ఏదైనా ప్లగిన్ ఫైలా, మోడ్‌లైనా. క్రమం గుర్తుంచుకుంటే ఊహించడం తేలిక. ముందు మీ విమ్‌ఆర్‌సీ నడుస్తుంది, ఫైల్ చదివాక దాని రకాన్ని బట్టి ప్లగిన్ నడుస్తుంది, ఆ తర్వాతే మోడ్‌లైన్. అందుకే మోడ్‌లైన్ మాట అందరి మాటనూ దాటుతుంది. ఈమాక్స్‌లో కూడా ఫోల్డర్‌కు రాసిన డిర్-లోకల్స్ కంటే ఫైల్లో రాసినదానిదే పైచేయి.

మోడ్‌లైన్ రాశాక అది అస్సలు పనిచేయడం లేదంటే ఈ వరసలో చూడండి: మొదటి లేదా చివరి అయిదు లైన్లలో ఉందా, 'విమ్' ముందు ఖాళీ ఉందా, 'సెట్' వాడితే చివర కోలన్ ఉందా. అవన్నీ సరిగ్గా ఉన్నా పనిచేయకపోతే 'సెట్ మోడ్‌లైన్?' అని అడగండి. ఉబుంటులో అయితే జవాబు 'నోమోడ్‌లైన్' అనే వస్తుంది, మీ సొంత ల్యాప్‌టాప్‌లో, సొంత కోడ్‌కు కావాలంటే విమ్‌ఆర్‌సీలో ఆన్ చేసుకోండి. ఆన్ చేసే ముందు విమ్ వెర్షన్ 8.1.1366 కంటే కొత్తదో కాదో చూసుకోవడం మంచిది. సర్వర్‌లో సుడోతో ఫైల్ తెరిచినప్పుడు మాత్రం మోడ్‌లైన్ పనిచేయలేదని కంగారుపడకండి. రూట్ యూజర్‌కు విమ్ దాన్ని కావాలనే ఆఫ్‌లో ఉంచుతుంది, అక్కడ దాన్ని ఆన్ చేయొద్దు.